కడకొలనులో కదలని నీళ్ళు

అనగనగనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టకముందు, వాకసీమ అనే రాజ్యాన్ని మహీధరుడనే రాజు ఏలేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు. అతను విల్లు ఎక్కుపెట్టాడంటే గురి తప్పడమన్నది లేదు. రెండోవాడు సువేగుడు. అతను గుర్రమెక్కితే వెనకాల దుమ్ము లేచేసరికే కనుమరుగైపోయేవాడు. మూడోవాడు కువలయుడు. అతనికి విల్లూ అంతంతమాత్రమే, గుర్రమూ అంతంతమాత్రమే. దారిలో చీమలబారు కనబడితే చాలు, గొంతుక్కూర్చుని అది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో తేలేదాకా లేచేవాడు కాదు. అన్నలిద్దరూ అతన్ని ముద్దుగా "నత్తరాజా!" అని పిలిచేవారు. పిలిస్తే పలికేవాడు కూడా.

వాకసీమకు నీళ్ళు ఒక కొండమీద నుంచి వచ్చేవి. దాన్ని మూడుకొలనుల కొండ అనేవారు. పైన తొలికొలను, దాని తర్వాత నడికొలను, దాని తర్వాత కడకొలను. తొలికొలను నిండి నడికొలనులోకి, నడికొలను నిండి కడకొలనులోకి, కడకొలను పొర్లి వాగై, వాగు ఏరై, ఆ ఏరు రాజ్యమంతా తిరిగేది. ఆ మూడు కొలనులనూ చుట్టివచ్చే దారి ఒకటుంది. ఎంత సుళువైన దారంటే, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి కూడా ఆయాసపడకుండా నడవొచ్చు. ముల్లు గుచ్చుకోదు, రాయి తగలదు. పొద్దున్నే రెండు బండల మధ్య నుంచి బయల్దేరినవాళ్ళను పొద్దు వాలేలోపు మళ్ళీ ఆ రెండు బండల దగ్గరికే తెచ్చి దింపుతుంది. అది మనుషులు వేసిన దారి కాదు పిల్లలూ! నీళ్ళకు వెళ్ళే మృగాలు తరతరాలుగా నడిచి నడిచి వేసుకున్న దారి.

అలాంటి కొండమీదికి ధూమ్రజటుడనే మాంత్రికుడు వచ్చి చేరాడు. వాడి జడలు పొగలాగా గాలిలో సుడులు తిరుగుతుండేవి. వాడు వచ్చిన ఏటినుంచీ ఏరు ఏటేటా సన్నబడుతూ వచ్చింది. పదిహేనేళ్ళయ్యేసరికి పాదం మునగలేదు. ఆ పై ఏడు ఇసుకే మిగిలింది. బావులు అడుగంటాయి. ఆవులు మేత ముందుంచినా నమల్లేక చూస్తూ నిలబడేవి. తల్లులు పిల్లలకు నీళ్ళు పట్టించడానికి లేక తడిగుడ్డతో పెదాలద్ది పడుకోబెట్టేవారు.

ఎవరైనా కొండెక్కి చూసి రావచ్చు కదా అంటారా? వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోతున్నారు. కొండకింద మేకలు కాసేవాళ్ళు చెప్పేదొక్కటే. "పొద్దుండగా ఆ దారిమీద మాంత్రికుడి మాయ పనిచేయదు. అడుగు పక్కకు పడిందా, రాయైపోతారు. పొద్దు గుంకేలోపు తిరిగి రాకపోయినా రాయైపోతారు."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు ప్రతాపుడు. విల్లమ్ములు తీసుకుని వెళ్ళాడు. పొద్దు గుంకింది. అతను రాలేదు.

"అన్నయ్యను నేను తెస్తాను," అన్నాడు సువేగుడు. గుర్రమెక్కి వెళ్ళాడు. మేకల కాపరులు చూస్తుండగానే రెండు బండల మధ్య నుంచి దూసుకుపోయి, ఒక చుట్టు చుట్టివచ్చాడు. "ఏం కనబడింది దొరా?" అని వాళ్ళడిగితే, "ఏముంది? నీటిగుంటలు!" అని కేకేసి ఇంకో చుట్టు వెళ్ళాడు. మూడో చుట్టుకు వెళ్ళినవాడు రాలేదు. గుర్రం కూడా రాలేదు.

అప్పుడు కువలయుడు తండ్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తండ్రీ, నేను వెళ్ళొస్తాను."

మహీధరుడు తల పట్టుకున్నాడు. "నాయనా, గురి తప్పనివాడు పోయాడు. గాలిని మించినవాడు పోయాడు. నువ్వు వెళ్ళి ఏం చేస్తావురా?"

"నాకేం వచ్చు తండ్రీ? నడుస్తాను. చూస్తాను. అన్నయ్యలు ఏ దారిన పోయారో ఆ దారిన వాళ్ళను వెతుక్కుంటాను."

రాజు సరేనని తల ఊపాడు. తల్లి మూటలో ఇన్ని అటుకులు, ఇంత బెల్లం కట్టి ఇచ్చింది. కువలయుడు కొండకింద గుర్రాన్ని విడిచాడు, చెప్పులు విడిచాడు, తూరుపు ఎర్రబడుతుండగా రెండు బండల మధ్య నుంచి దారిలోకి అడుగుపెట్టాడు.

అడుగుపెట్టీ పెట్టగానే ఒళ్ళు జలదరించింది. కింద లోకమంతా ఎండి బీటలువారి ఉంటే, ఇక్కడ గడ్డి మీద మంచు మెరుస్తోంది. ప్రతి గడ్డిపరక కొసనా ఒక చుక్క, ప్రతి చుక్కలోనూ ఒక చిన్న సూర్యుడు. నడుస్తూ నడుస్తూ, చూస్తూ చూస్తూ, తొలికొలను చేరాడు.

తొలికొలను ఎలా ఉందో చెప్పమంటారా? నీళ్ళున్నాయో లేవో తెలియనంత తేటగా ఉంది. తెల్లని పొగమంచు నీటిమీద నుంచి లేచి, అటూ ఇటూ నాలుగడుగులు నడిచి, ఆకాశంలోకి ఎక్కిపోతోంది. ఆకాశమేమో కిందికి దిగి నీళ్ళలో పడుకుంది. మబ్బుల మధ్య నుంచి చేపలు ఈదుతున్నాయి. ఎక్కడ కొండ అయిపోయిందో, ఎక్కడ దాని నీడ మొదలైందో కువలయుడికి అంతుపట్టలేదు. ఊపిరి గట్టిగా వదిలితే ఎక్కడ చెదిరిపోతుందో అన్నట్టు మెల్లగా కూర్చున్నాడు.

అంతలో అవతలి గట్టున ఒక జింక వచ్చి నిలబడింది. బంగారు కొమ్ముల జింక! కొమ్ములు తిప్పితే కొండంతా వెలుగు. "రా, పట్టుకో" అన్నట్టు తల ఊపింది. కువలయుడు దాన్ని చూశాడు. దాని కాళ్ళు చూశాడు. కాళ్ళ కింద నీళ్ళు చూశాడు. నీళ్ళలో గట్టుంది, గట్టుమీది గడ్డి ఉంది, గడ్డిలోని పసుపుపువ్వు కూడా ఉంది. జింక మాత్రం లేదు.

"నీడలేని జింక నాకెందుకు?" అనుకున్నాడు. కూర్చున్న చోటునుంచి కదల్లేదు. జింక పొగై పోయింది.

"కిచకిచకిచ!" అని నవ్వు వినిపించింది. నీళ్ళలోంచి ఒక నీటికుక్క తల పైకెత్తింది. మీసాల మీద నీటిబొట్లు. దాని వెనక దాని పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని దండలాగా ఈదుకొస్తున్నాయి.

"మీ పెద్దన్న జింకను చూశాడు నాయనా, నీళ్ళు చూడలేదు," అంది నీటికుక్క. "బాణం తీసుకుని దారి దిగాడు. అదుగో!"

పొదల పక్కన ఒక రాయి. విల్లు ఎక్కుపెట్టిన మనిషి ఆకారం. భుజంమీద అప్పుడే నాచు పడుతోంది. కువలయుడు లేచాడు. పరుగెత్తబోయాడు. నీటికుక్క కీచుమని అరిచింది. "దారి దిగకు! దిగితే రెండు రాళ్ళవుతాయి, అంతే."

కువలయుడు కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, నీకు మాటలెలా వచ్చాయి?"

"ఈ కొండమీద అందరికీ మాటలొచ్చు. గుర్రాల మీద పరుగెత్తేవాళ్ళతో ఏం మాట్లాడతాం? నువ్వు నడిచావు, కూర్చున్నావు. అందుకని ఒక రహస్యం చెప్తా విను. ఆ మాంత్రికుడికి నీటిలో నీడ పడదు. ఎందుకో తెలుసా? వాడి ప్రాణం వాడిలో లేదు. తన నీడలో ప్రాణం పెట్టి, ఆ నీడను కడకొలనులో దాచాడు. ఆ నీళ్ళు కదిలితే నీడ చెదురుతుంది. నీడ చెదిరితే వాడు చస్తాడు. అందుకే కడకొలనులోకి ఒక్క చుక్క రాకుండా, ఒక్క చుక్క పోకుండా కట్టేశాడు."

"అయితే ఒక రాయి విసిరితే సరిపోతుంది కదా!"

"రాయి విసిరితే గాలిలోనే పొగవుతుంది. బాణం వేసినా అంతే. కొలను చుట్టూ వాడి మంత్రం కాపలా ఉంది. ఎలాగో నాకూ తెలియదు నాయనా. వెళ్ళు, చూడు. చూడడం నీకు వచ్చనుకుంటా."

కువలయుడు దండం పెట్టి ముందుకు నడిచాడు. దారి మెత్తమెత్తగా, మెలికలు తిరుగుతూ, వెదురు పొదల నీడల్లోంచి పోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నడికొలను ఎదురైంది.

అక్కడ అతను నిలుచున్నచోటే నిలబడిపోయాడు. కొలను నిండా ఎర్రతామరలు. వాటి మధ్య ఏనుగుల మంద. తల్లి ఏనుగు తొండంతో నీళ్ళు చిమ్ముతుంటే, ఎండలో ఆ తుంపర ఇంద్రధనుస్సయింది. ఒక గున్న ఏనుగు బురదగట్టు మీద నుంచి జారి, నీళ్ళలో ధబ్బున పడి, లేచి మళ్ళీ గట్టెక్కుతోంది. ఆ చప్పుడుకు కొలనంతటా వాలి ఉన్న కొంగలు ఒక్కసారిగా లేచాయి. ఎన్నని చెప్పను! నేల పైకి లేచిపోయిందా అనిపించింది. ఆకాశం నీలం కనబడలేదు, తెల్లని రెక్కలే. ఆ రెక్కల గాలికి కువలయుడి జుట్టు ఎగిరింది. "నా రాజ్యం నెత్తిమీద ఇంత లోకం ఉందా!" అనుకుని చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో అతనికే తెలియదు.

అప్పుడు అవతలి గట్టునుంచి ఒక పిలుపు వినిపించింది.

"నత్తరాజా! ఒరేయ్ నత్తరాజా! ఇటు రారా!"

చూస్తే సువేగుడు! పక్కన ప్రతాపుడు! ఇద్దరూ చేతులు చాపి పిలుస్తున్నారు. కువలయుడి గుండె ఝల్లుమంది. ఒక కాలు పైకి లేచింది కూడా. కాని, కన్ను నీటిమీదికి పోయింది. నీళ్ళలో గట్టుంది, తామరలున్నాయి, అన్నలు లేరు. లేచిన కాలిని బలవంతంగా దారిమీదే మోపాడు. ఏడుస్తూనే ముందుకు నడిచాడు. అన్నల రూపాలు పొగై పోయాయి.

నీళ్ళకు వచ్చిన ఒక కణితి, అంటే దుప్పి లాంటి పెద్ద జింక, కొమ్ముల మగకణితి కాదు, పిల్లను వెంటబెట్టుకున్న తల్లి కణితి, అతని పక్కనే నడవసాగింది. "బాబూ, నీ రెండో అన్న ఇక్కడే మోసపోయాడు. పెద్దన్న పిలుస్తున్నాడనుకుని గుర్రాన్ని నీళ్ళలోకి దూకించాడు. అదుగో, తామరల మధ్య గుర్రమ్మీది రాయి అతనే. ప్రేమతో పోయినవాణ్ణి తప్పుపట్టకు."

"తప్పుపట్టను తల్లీ," అన్నాడు కువలయుడు. "కడకొలనుకు వాగు ఇక్కడినుంచే పోవాలి కదా, ఏదీ?"

కణితి తల తిప్పి చూపించింది. గట్టుపక్కన నల్లని బిలం ఒకటి నోరు తెరుచుకుని, నడికొలను నుంచి పొర్లిన నీళ్ళన్నీ గుటగుటా మింగుతోంది. "నీ రాజ్యం తాగాల్సిన నీళ్ళు పాతాళానికి పోతున్నాయి బాబూ. మాంత్రికుడు చస్తేనే ఆ నోరు మూతబడుతుంది."

ఇంకొంత దూరం పోయాక దారి మధ్యలో ఒక ముసలి తాబేలు నడుస్తోంది. దాన్ని దాటి పోలేదు కువలయుడు. పక్కన కూర్చుని, మూట విప్పి, అటుకులు పెట్టాడు. తాబేలు తీరిగ్గా తిని, తీరిగ్గా మూతి తుడుచుకుంది.

"తాతా, ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికేముందిరా మనవడా! ఈ దారినే చుట్టడం. నా చిన్నప్పుడు బయల్దేరాను. దారిలో చూడాల్సినవి ఎక్కువైపోయి ఇంకా ఒక చుట్టు కాలేదు." తాబేలు కాసేపు ఊపిరి పీల్చుకుంది. "కడకొలను దగ్గర ఒక పిల్ల ఉంటుంది. ఎవరో రాజు కూతురు. చంటిపిల్లగా ఉన్నప్పుడే ఆ ధూమ్రజటుడు ఎత్తుకొచ్చాడు. పేరు మరిపించాడు, ఊరు మరిపించాడు, అమ్మానాన్నల్ని మరిపించాడు. నీటిమీద దోమ కూడా వాలకుండా విసనకర్రతో తోలుతూ కూర్చుంటుంది పాపం. గట్టుకు అవతల లోకమే లేదని, అంతా మంటలేనని ఆ పిల్లను నమ్మించాడు. ఆ కొలను దగ్గరికి మేమెవరమూ పోము. భయం."

పొద్దు పడమటికి వాలుతుండగా కువలయుడు ఒక ఎత్తైన గట్టెక్కి, దిగి, కడకొలను చేరాడు.

అమ్మో! ఆ కొలను చూడగానే అతని ఒళ్ళు చల్లబడింది. పిట్ట లేదు, పురుగు లేదు, ఆకు కదలదు. నీళ్ళు నల్లని గాజుపలకలాగా ఉన్నాయి. ఆకాశం కూడా అందులోకి దిగడానికి జంకినట్టుంది, ఒక్క మబ్బు నీడైనా లేదు. ఉన్నది ఒకే ఒక నీడ. పొగలాంటి జడలతో, కళ్ళు తెరుచుకుని, నీటి అడుగున పద్మాసనం వేసుకున్న మాంత్రికుడి నీడ. దాన్ని ఎటునుంచి చూసినా అది మనవైపే చూస్తోంది.

దారి నీటి అంచునుంచే పోతోంది. దారికి చేయిచాపు దూరంలో, నీటిలోకి పొడుచుకొచ్చిన బండమీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో నెమలీకల విసనకర్ర. ముఖం చందమామలాగే ఉంది, కాని ఆ ముఖంలో నవ్వూ లేదు, దుఃఖమూ లేదు.

"నీ పేరేమిటమ్మాయీ?"

"నిశ్చల అని పిలుస్తాడు అయ్యవారు. మీరు మంటల్లోంచి వచ్చారా?"

"మంటలా? కాదు. తొలికొలను నుంచి వచ్చాను, నడికొలను నుంచి వచ్చాను."

"అలాంటివి లేవు," అంది అమ్మాయి. ఈగను తోలినంత మామూలుగా అంది.

అప్పుడు గట్టుమీద పొగ లేచింది. పొగలోంచి ధూమ్రజటుడు దిగివచ్చాడు. "శభాష్ రాజకుమారా! ఇంతదాకా దారి దిగకుండా వచ్చినవాడివి నువ్వొక్కడివే. దారిమీద ఉన్నావు గనక నిన్ను నేను ముట్టుకోలేను. ఒక మంచిమాట చెప్తాను. ఇక్కణ్ణుంచి ఆ రెండు బండలు ఎంతో దూరం లేవు. లేచి నడిచావంటే పొద్దుండగానే ఇంటికి చేరతావు. పైగా నీ కోసం బిలాన్ని కొంచెం మూసి, నీ కోటకు, నీ తోటకు సరిపడా నీళ్ళు వదులుతాను. నువ్వు బతికినన్నాళ్ళూ వదులుతాను."

"ఊళ్ళకో?"

"ఊళ్ళ సంగతి నీకెందుకు?"

"అన్నయ్యలో?"

"రాళ్ళ సంగతి నీకెందుకు?"

కువలయుడు పడమటివైపు చూశాడు. పొద్దు తాటిచెట్టంత ఎత్తున ఉంది. లేచి నడిస్తే బతుకుతాడు. దారి సుళువైనదే. అతను అమ్మాయి వైపు తిరిగి, దారిమీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నేను కాసేపు ఈ అమ్మాయితో మాట్లాడతాను," అన్నాడు.

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "మాట్లాడు, మాట్లాడు! మాటలకు నీళ్ళు కదలవు. పొద్దు గుంకాక నీ రాయిని ఎటు తిప్పి పెట్టాలో చూసుకుంటాను." అని ఎదుటి గట్టున చతికిలబడ్డాడు.

కువలయుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాడు? తను చూసిందే చెప్పాడు. గడ్డిపరక కొసన చుక్క, చుక్కలో సూర్యుడు ఉన్న సంగతి చెప్పాడు. పొగమంచు నీటిమీద నాలుగడుగులు నడిచి ఆకాశంలోకి ఎక్కిపోయిన సంగతి చెప్పాడు. నీటికుక్క పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఈదిన సంగతి చెప్పాడు.

అమ్మాయి విసనకర్ర ఊపుతూనే అడిగింది. "చివరి పిల్ల తోక ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు. అందుకే అది అస్తమానం వెనక్కి తిరిగి చూసుకుంటోంది."

అమ్మాయి చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఊపింది. కువలయుడు నడికొలను చెప్పాడు. ఏనుగుల సంగతి చెప్పాడు.

"ఏనుగంటే?"

"ఏనుగంటే... ఈ బండకు ప్రాణం వచ్చి, చెవులు విసురుకుంటూ, తన పిల్లకు స్నానం చేయిస్తుందనుకో."

"అంత పెద్దదానికి పిల్లమీద కోపం రాదా?"

"రాదు. ఆ పిల్ల జారి పడుతుంటే తొండంతో లేపి నిలబెడుతుంది."

"అబద్ధం," అంది అమ్మాయి. కాని ఈసారి గొంతు వణికింది. "నిజంగానా?"

పొద్దు కొండ అంచును తాకింది. కువలయుడి కాలివేళ్ళు చల్లబడ్డాయి. చూసుకుంటే బొటనవేలు రాయైపోతోంది. అయినా ఆపలేదు. కొంగల సంగతి చెప్పాడు, రెక్కల గాలికి జుట్టు ఎగిరిన సంగతి చెప్పాడు. పాదాలు రాయయ్యాయి. కణితి సంగతి చెప్పాడు. మోకాళ్ళు రాయయ్యాయి. గొంతు ఎండిపోయి మాట పెగలడం లేదు.

ఇక్కడ ఇలా ఉంటే, మన తాబేలు ఊరుకుందా? మెల్లగా వెనకాలే వచ్చి, గట్టు చాటునుంచి అంతా చూసి, తన పక్కన వాలిన కొంగకు చెప్పింది. "ఆ పిల్లాడు మన గురించే చెబుతూ రాయైపోతున్నాడే!" కొంగ వెళ్ళి కణితికి చెప్పింది. కణితి వెళ్ళి ఏనుగుకు చెప్పింది. ఏనుగు తొండమెత్తి ఘీంకరిస్తే తొలికొలనులో నీటికుక్కకు వినిపించింది. ఇన్నేళ్ళుగా కడకొలను గట్టెక్కని మృగాలన్నీ, భయపడుతూనే, కదిలాయి.

కువలయుడి మాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గట్టుమీద ఏదో అలికిడైంది. అమ్మాయి తలెత్తి చూసింది.

లోకమే లేదన్న ఆ గట్టుమీద, సందెవెలుగులో, ఏనుగులు బారులు తీరి నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ళ మధ్య నుంచి గున్న ఏనుగు తొంగిచూస్తోంది. పక్కన కణితి, దాని పొట్టకింద దాని పిల్ల. నీటికుక్క, దాని వెనక ఒకదాని తోక ఒకటి పట్టుకున్న పిల్లలు. చివరి పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంటోంది. వాటన్నిటి మీద, కుంకుమరంగు ఆకాశం నిండా, వేలవేల తెల్లని రెక్కలు.

విసనకర్ర జారి బండమీద పడింది.

"ఉన్నాయి!" అంది అమ్మాయి. "అన్నీ ఉన్నాయి!"

ఆమె కళ్ళు నిండాయి. రెప్పలమీద ఒక చుక్క నిలిచింది, వణికింది, జారింది. టప్!

మాంత్రికుడు ఆ అమ్మాయికి దుఃఖం రాకుండా అమ్మానాన్నల్ని మరిపించాడు గాని, అబ్బురపడితే కూడా కళ్ళు చెమరుస్తాయన్న సంగతి వాడికి తెలియదు. పుట్టి బుద్ధెరిగి వాడు దేన్నీ చూసి అబ్బురపడలేదు మరి.

చుక్క పడినచోట చిన్న వలయం లేచింది. వలయం పక్కన వలయం, దాని పక్కన ఇంకో వలయం. నీటి అడుగున మాంత్రికుడి నీడ నుదురు ముడతలుపడింది, ముక్కు వంకరపోయింది. "ఆపండి! నీళ్ళను ఆపండి!" అని కేకలు పెడుతూ ధూమ్రజటుడు కొలనులోకి ఉరికాడు. లేస్తున్న అలలను రెండుచేతులా అదిమిపట్టబోయాడు. అదిమినకొద్దీ నీళ్ళు మరింత చెలరేగాయి! నీడ రెండు ముక్కలైంది, నాలుగు ముక్కలైంది, వంద ముక్కలైంది. కొలనులో చూస్తే మాంత్రికుడు లేడు. కాస్త పొగ ఉంది. కొంగల రెక్కల గాలికి అదీ పోయింది.

అంతే! ఎక్కడో బిలం ధనామని మూసుకుంది. నడికొలను నుంచి వాగు ఉరకలేస్తూ వచ్చి కడకొలనులో దూకింది. ఆకాశం, ఇన్నేళ్ళకు, ఆ నీళ్ళలోకి దిగింది. కువలయుడి కాళ్ళలో నెత్తురు పాకింది. లేచి నిలబడి చేయి అందించాడు. అమ్మాయి ఆ చేయి పట్టుకుని బండమీద నుంచి మొట్టమొదటిసారి గడ్డిమీద కాలుపెట్టింది. "అబ్బ, చల్లగా ఉందే!" అని నవ్వింది. ఆ నవ్వుతోనే మరుపు తెర జారిపోయింది.

"నా పేరు నిశ్చల కాదు," అంది. "తరంగిణి. మా అమ్మ నన్ను తరంగిణీ అని పిలిచేది. మాది తూరుపున ఉన్న చంపకపురి."

అటునుంచి పరుగు పరుగున ఇద్దరు మనుషులు, ఒక గుర్రం వచ్చారు. ఒకడి భుజానికి నాచు, ఇంకొకడి నెత్తిన తామరాకు. వాళ్ళ వెనక, ఇన్నేళ్ళుగా రాళ్ళై పడివున్న వాళ్ళందరూ వస్తున్నారు. ప్రతాపుడు తమ్ముణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. సువేగుడు గుర్రం దిగి, "ఒరేయ్, మూడుసార్లు తిరిగానురా ఈ దారిలో. ఆ ఏనుగుల్ని ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు.

అందరూ నడుచుకుంటూనే కొండ దిగారు. వాళ్ళకంటే ముందు నీళ్ళు దిగాయి. తెల్లవారేసరికి వాకసీమలో ఇసుకలో పడుకున్న పిల్లల పాదాలకు చల్లగా తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే ఏరు! తల్లులు పసుపూ కుంకుమా తెచ్చారు, పిల్లలు అరుపులూ కేకలూ తెచ్చారు. మహీధరుడు కిరీటం పక్కన పెట్టి, నడుములోతు నీళ్ళలో నిలబడి, ముగ్గురు కొడుకులనూ ఒకేసారి కౌగిలించుకున్నాడు.

చంపకపురికి కబురు వెళ్ళింది. తరంగిణి అమ్మానాన్నలు వచ్చి, కూతుర్ని చూసి, ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. మంచి ముహూర్తం చూసి కువలయుడికీ తరంగిణికీ పెళ్ళి చేశారు. ప్రతాపుడు, సువేగుడు ముందుకు వచ్చి, "రాజ్యం తమ్ముడికే కట్టబెట్టండి తండ్రీ," అన్నారు. ఒకరు కుడిచేతిగా, ఒకరు ఎడమచేతిగా ఉంటామన్నారు, ఉన్నారు.

పెళ్ళయిన మర్నాడు కువలయుడు, "ఏం కావాలో కోరుకో. నగలా? పట్టుచీరలా?" అని అడిగాడు.

"ఆ కొలనుల దారి చుట్టూ నన్ను నడిపించండి," అంది తరంగిణి. "ఏదీ వదలకుండా చూడాలి."

ఇద్దరూ వెళ్ళారు. పొద్దు గుంకేసరికి రావాల్సినవాళ్ళు రాలేదు. మర్నాడూ రాలేదు. కోటలో అందరూ కంగారుపడి వెతకడానికి వెళితే, తొలికొలను దగ్గరే ఉన్నారు. చీమలబారు ఒకటి అడ్డం వచ్చిందట. రాణి గొంతుక్కూర్చుని చూస్తోంది. రాజు పక్కన కూర్చుని ఆవిడకు ఎండ తగలకుండా గొడుగు పట్టాడు.

వాళ్ళిద్దరూ తల నెరిసేదాకా, మనవల్ని ఎత్తుకునేదాకా, ఏరు ఎండకుండా, ఎవరి కడుపూ కాలకుండా రాజ్యం ఏలారు. దీపం కొండెక్కుతోంది, కథ గట్టెక్కింది, ఇక మీరు మంచమెక్కండి.